పక్క సీటు బరువు

నెల రోజులుగా మా వంటగది గట్టు మీద రెండు రకాల సామాను పడి ఉంది. ఒకటి చక్రం వాలు మార్చే కాంబర్ బోల్టుల జత. వాటిని వేస్తే కారులో కుదుపులు ఆపే రబ్బరు మౌంటు అలాగే ఉంటుంది. రెండోది తళతళలాడే ఇనుప ప్లేట్ల జత. అవి వేస్తే రబ్బరు తీసేయాలి. రెండూ మా ఆయన పాత కారు ముందు చక్రాల కోసమే. రెండు తలుపుల కారు, ఒకప్పుడు పందేల్లో పరిగెత్తిందట. మలుపుల్లో నేలను పట్టుకోవాలంటే దాని చక్రాల పైభాగం కాస్త లోపలికి వాలాలి. ఆ వాలు దేనితో తేవాలో తేలక ఆయనకు నిద్ర లేదు.

నాకు తెలిసింది ఒక్కటే. రబ్బరు పోతే రోడ్డు మీది ప్రతి గులకరాయీ కారులోకి వినిపిస్తుంది. మా పాపకు ఏడు నెలలు. చెంచా కింద పడితేనే ఉలిక్కిపడి లేస్తుంది, లేచిందంటే ఊపిరాడనంత ఏడుస్తుంది.

"రబ్బరే ఉంచండి, పాప పడుకోదు" అన్నాను, ఒకసారి కాదు.

"నీకు అర్థం కాదులే."

అర్థమయ్యే మనిషి వేరే ఉంది. అలైన్‌మెంట్ షాపులో కొలతలు తీసే ఆవిడ. రోజూ ఫోను. "ఒకటిన్నర డిగ్రీ కావాలి మేడమ్... మూడు నిమిషాలు తగ్గినా ఒప్పుకోను మేడమ్..." డిగ్రీకి అరవై నిమిషాలట. నాతో కూర్చుని మూడు నిమిషాలు మాట్లాడని మనిషి ఆవిడతో నిమిషాలు లెక్కపెడుతున్నాడు. కోణాల పాఠం రాకముందే నా బడి ఆగిపోయింది. ఇన్నాళ్లూ అందుకు బాధపడలేదు.

ఆదివారం నేనూ వస్తానన్నాను.

"నువ్వెందుకు?"

"కారు నాది కూడా కదా."

ఆవిడ బక్కపలచగా ఉంది. నీలం చొక్కా చేతులు మడిచి, జేబులో పెన్ను పెట్టుకుంది. మా ఆయన ఆవిడ దగ్గర నవ్విన నవ్వు నేను పెళ్లయిన కొత్తలో చూశాను.

కారును ర్యాంపు మీద ఎక్కించారు. ముందురోజే బోల్టులు బిగించి, తిరిగినంతా తిప్పేశారట. ఇప్పుడు తెర మీద ఒకటిన్నర వస్తే రబ్బరు ఉంటుంది, రాకపోతే ఇనుము. ఫోన్లో వాళ్లిద్దరూ చేసుకున్న ఒప్పందం అది. ఆ షాపులో ఖాళీ కారును కొలవరు. మనుషులెక్కితే కారు కుంగుతుంది, కుంగితే చక్రం ఇంకాస్త వాలుతుంది. అందుకని రోజూ ఎక్కేవాళ్ల బరువుకు ఇసుక తూచి, బస్తాలు సీట్లలో పెడతారు.

ఆయనకు డెబ్బై రెండు కిలోలు. వెనక సీటుకు పాపదీ, దాని కుర్చీదీ కలిపి పన్నెండు.

"నీ బరువెంత చెల్లెమ్మా?" ఆవిడ పెన్ను తీసింది.

పాపకు టీకా వేయించిన రోజు ఆసుపత్రిలో నేనూ తూచుకున్నాను. అరవై ఎనిమిది.

"యాభై నాలుగు" అన్నాను.

ఆవిడ నా వైపు ఒక్క క్షణం చూసి రాసుకుంది. యాభై నాలుగు ఆవిడే ఉంటుంది, చూస్తే తెలుస్తోంది. బస్తాలు నా సీట్లో పెట్టి బెల్టు కూడా పెట్టారు. నా సీట్లో ఆవిడ బరువు కూర్చున్నట్టుంది.

తెర మీద అంకెలు ఆగాయి. ఒక డిగ్రీ, ఇరవై ఏడు నిమిషాలు.

"మూడు తక్కువ. ఇనుమే" అన్నారు మా ఆయన, పండగ చేసుకునే గొంతుతో.

"మూడు నిమిషాలకేం పోయింది సార్? వెనక పసిపిల్ల ఉంది. రబ్బరే మేలు."

"తక్కువంటే తక్కువే మేడమ్. మాట మాటే."

చంకలో పాప నా గొలుసు చప్పరిస్తోంది. ఇక రోజూ ఆ కారులో అది ఏడుస్తుంది. ఏడ్చినప్పుడల్లా ఎవరి మూలంగానో నాకు మాత్రమే తెలుస్తుంది.

"ఆ బస్తాలు దించండి" అన్నాను. "నేనే కూర్చుంటాను."

"కూర్చుంటే మారుతుందా ఏంటి?" అన్నారు ఆయన.

"మారుతుంది."

పాపను ఎత్తుకునే మనిషి కావాలి. ఆయన చేతుల నిండా గ్రీజు. ఆవిడే చేతులు చాపింది. ఇచ్చాను. కొత్తవాళ్లను చూస్తే బిక్కమొహం పెట్టే పిల్ల, ఆవిడ జేబులోని పెన్ను పట్టుకుని కిలకిల నవ్వింది. దీనికీ ఆవిడే నచ్చింది.

సీట్లో కూర్చున్నాను. కారు కుంగిన సంగతి నా ఒంటికే తెలిసింది. ఒక డిగ్రీ, ముప్పై.

ఆయన తెరనూ నన్నూ మార్చి మార్చి చూశారు. "అదేంటి, యాభై నాలుగే కదా..."

"పాత సంచులు సార్, ఇసుక కారిపోతుంటుంది" అంది ఆవిడ, పాప వేళ్ల నుంచి పెన్ను విడిపిస్తూ. "ఒప్పందం ప్రకారం రబ్బరే."

నేల మీద ఒక్క ఇసుక రేణువు లేదు. ఆవిడకు తెలుసు. ఆ దయ నాకు తిట్టు కన్నా ఎక్కువ తగిలింది.

తిరుగుదారిలో పాప మెడ వాల్చేసి నిద్రపోయింది. గతుకులు మెత్తగా దాటిపోతున్నాయి. ఆయన అద్దంలో పాపను చూసి తలాడించారు.

"మేడమ్ చెప్పింది నిజమే. పసిపిల్ల ఉన్న కారుకు రబ్బరే మేలు."

"నెల నుంచి నేను చెప్తున్నది అదే కదండీ."

"నువ్వా? ఎప్పుడు?"

నా అరవై ఎనిమిది కిలోలనూ సీట్లో వెనక్కి వాల్చి, కిటికీ వైపు తిరిగాను.