కర్జకాన్ డాబా మీద పగుళ్లు

ఈ దీవి నుంచి సౌదీకి వంతెన తెరిచిన ఏడాది, చలికాలపు మొదటి వానకే కర్జకాన్‌లో ఓ ఇల్లు కారింది. ఆ డాబా మీద నీళ్లు దిగకుండా ఫైబర్‌గ్లాస్ పరిచింది నేనే, కాబట్టి తిట్లూ నాకే. వచ్చే నెలలో నాకు ఊరెళ్లే సెలవుంది. రెండేళ్లకోసారి వచ్చే ఆ సెలవు కోసమే రోజూ సల్మాబాద్ కూలీల క్యాంపులో బస్సెక్కుతున్నాను గానీ, ఒంట్లో ఓపిక ఎప్పుడో అయిపోయింది. గాజు నూగు చొక్కాలో దూరి రోజంతా ఒకటే దురద. రెసిన్ జిగురు వాసనకి అన్నం సయించదు. ఎవడి కోసం ఈ వెధవ చాకిరీ అని రోజూ అనుకుంటాను, రోజూ చేస్తాను.

ఇంటాయన్ని అందరూ బాబా అంటారు. మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. హాల్లో తివాచీలు తడిసి ముద్దయ్యాయి. పగలగొట్టింది తన ఇంట్లో పనిమనిషైతే రేపే విమానం ఎక్కించేస్తానని, మా పనే చెడ్డదైతే కంపెనీ మొత్తం డాబా మళ్లీ పరవాల్సిందేనని, అరబ్బీ, హిందీ కలిపి తేల్చి చెప్పాడు. ఆ ఇంట్లో పనిచేసేది ఒక్కతే, దానమ్మ. రాజోలు దగ్గరి పిల్ల. నిరుడు నేనక్కడ పనిచేసినన్నాళ్లూ అన్నాయ్ అంటూ మధ్యాహ్నం అన్నంలోకి ఇంత పచ్చడి తెచ్చిపెట్టేది.

పైకెళ్లి నీళ్లు తుడిచి చూశాను. ట్యాంకు పక్కన, రోలు మోపినంత మేర, గుండ్రంగా పగుళ్లు. పగుళ్లలో ఎర్రగా ఎండుమిరప కారం. ఇంకేముంది, అర్థమైపోయింది. వంటింట్లో కారం దంచితే ఘాటుకి బాబా పెళ్లాం, మేడం, దగ్గి చస్తుంది. అందుకని దానమ్మ ఇనప రోలు డాబా మీదికి మోసుకొచ్చి దంచింది. మన వైపు డాబా అంటే ఏనుగునెక్కించినా కదలదు మరి. ఇదేమో చెక్క మీద రెండు పొరల గాజు.

దానమ్మ వచ్చి మెట్ల మీద నిలబడింది. నా మొహంలోకే చూస్తోంది. ఏదో చెప్పబోయింది గానీ నేను చెప్పనివ్వలేదు. కిందికెళ్లమ్మా, నేను చూసుకుంటాలే అన్నాను. దానమ్మ పిల్లలిద్దరూ ఊళ్లో వాళ్లమ్మమ్మ దగ్గరున్నారు. ఈమెని పంపేస్తే వాళ్లు తినేదేమిటి?

ముందు ఆ ఎరుపంతా పోయేదాకా అరగదీసే గ్రైండర్ పట్టాను. తర్వాత కిందికి దిగి, చెక్క తడి ఆరకుండానే పరిచేశాం, తప్పు మాదే అని బాబాతో చెప్పాను. ఆయన వెంటనే మా ఫోర్మన్‌కి ఫోన్ చేశాడు. ఫోన్ నా చేతికిచ్చాక ఫోర్మన్ నన్ను కడిగి పారేశాడు. ఈ డాబా మొత్తం లేపి మళ్లీ పరిచేదాకా ఎక్కడికీ కదలడానికి లేదన్నాడు. నా సెలవు గంగలో కలిసింది.

మళ్లీ పైకెక్కి, నడుం పట్టేసి సామాను దగ్గర కూలబడ్డాను. దానమ్మ మళ్లీ పైకొచ్చింది. నిజం చెప్పొద్దూ, దండం పెడుతుందనుకుని కాస్త పొంగిపోయాను కూడా. ఆమె వచ్చి నా ఎదురుగా చతికిలబడి ఏడ్చింది.

"అలాగెందుకు చెప్పావు సోమరాజన్నాయ్? నాలుగేళ్లయ్యింది నేనొచ్చి. ఇంటికి పంపమని కాళ్లట్టుకున్నా పంపట్లేదు. పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంది. నాయంతట నేను చెబితే కావాలనే పగలగొట్టాననుకుంటారని భయమేసింది. నువ్వొచ్చి చూసి నా పేరు చెబుతావనీ, ఆ యేసయ్యే ఇలా దారి చూపించాడనీ అనుకున్నాను."

 నేను లేచి, పద, ఇప్పుడే వెళ్లి నిజం చెప్పేద్దాం అన్నాను.

"బాబాతో చెప్పే వస్తున్నాను. మీ తెలుగాయన్ని కాపాడ్డానికి అంటున్నావులే, పోయి వంట చూసుకో అన్నాడు."

కింద నుంచి మేడం పిలిచింది. దానమ్మ కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.