కన్నమా, కోతా

నడుం నొప్పికి కట్టుకునే బెల్టు రెండు కొసలూ పట్టుకుని మెల్లయ్య నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. మోకాళ్ళు మడిచి, ఊపిరి బిగబట్టి, పొట్ట మీదకి లాగి అంటించాడు. నిలబడి కట్టుకుంటే నడుము ఎటు వంగి ఉంటే బెల్టూ అటే బిగుసుకుంటుంది. తర్వాత పక్కకి ఒత్తిగిలి, మోచేతి మీద బలం వేసి, గోడ పట్టుకుని లేచాడు. అతను లేచేంతవరకూ భార్య తల తిప్పలేదు. చూస్తే అతనికి కోపమని ఆమెకు తెలుసు.

మెల్లయ్య అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. అద్దాల షాపులో చేరిన కొత్తలో, అద్దం పలక ఎత్తిన ప్రతిసారీ "మెల్లగా, మెల్లగా" అంటూంటే తోటివాళ్ళు తగిలించారు. పేరు అతుక్కుపోయింది. యాభై దాటిన మనిషి. పొట్టి, గట్టి. అద్దాల అంచులు పట్టీ పట్టీ అరచేతుల్లో గీతలు అరిగిపోయాయి. చెయ్యి చూసి జాతకం చెప్పేవాడెవడైనా అతని దగ్గర చేతులెత్తేయాల్సిందే.

భార్య కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో చలికోటు సరిచేస్తోంది. లోపలి దూది ఉండకట్టింది. ఆమె రెండు వేళ్ళతో ఆ ఉండ ఎక్కడుందో తడుముతోంది.

"ఏమేవ్, నువ్వైతే ఏం చేస్తావు? చిన్న కన్నం పెట్టి లాగుతావా, కుట్టు విప్పుతావా?"

ఆమెకు ప్రశ్న అర్థమైంది. "ఉండ కళ్ళెదుట ఉంటే కన్నం చాలండీ. జారిపోయి ఎక్కడో కూర్చుంటే విప్పాల్సిందే. అయినా రెండూ ఒకటేనని డాక్టరమ్మ చెప్పారు కదా."

"ఒకటెలా అవుతాయే? ఒకటి మర్నాడే ఇంటికి పంపిస్తుంది, ఇంకోటి మంచానికి కట్టేస్తుంది."

డాక్టరమ్మ చెప్పింది నిజంగా అంతే కాదు. రెండు వారాల కిందట ఆమె స్కాను ఫిల్ము వెలుతురుకి పెట్టి, వెన్నుపూసల మధ్య ఉండే మెత్త ఒకటి పక్కకి పొంగి నరం మీద కూర్చుందని చూపించింది. మెల్లయ్యకు చప్పున అర్థమైంది. అద్దానికీ అద్దానికీ మధ్య అట్ట జారితే ఏమవుతుందో అతనికి ఒకరు చెప్పక్కరలేదు. ఆపరేషనుకి రెండు పద్ధతులు చెప్పింది. మొదటి పద్ధతిలో చిన్న కన్నం పెట్టి, కండను కోయకుండా పక్కకి తప్పించి, సన్నటి గొట్టంలోంచి ఆ ముక్క తీస్తారు. నొప్పి తక్కువ, మర్నాడే ఇల్లు. రెండోది పాత పద్ధతి. పొడుగ్గా కోసి, కండను ఎముక నుంచి విడదీసి, కళ్ళారా చూసి తీస్తారు. నాలుగైదు రోజులు ఆసుపత్రి, మొదటి వారాల్లో నొప్పి ఎక్కువ. "ఏడాది తిరిగేసరికి ఇద్దరూ ఒకేలా నడుస్తారు. కాలి నొప్పి రెండింటిలోనూ దాదాపు ఒకేలా తగ్గుతుంది. తొందరేం లేదు, ఆలోచించుకుని చెప్పండి" అంది. చివర్లో ఒక మాట గట్టిగా చెప్పింది. "పాదం మొద్దుబారినా, పైకి లేవకపోయినా, ఆ రోజే రావాలి. అప్పుడు ఆలోచించడానికి టైముండదు."

మెల్లయ్య అన్నీ విన్నాడు. అడగాల్సిన ఒక్కటి మాత్రం అడగలేదు. మళ్ళీ అద్దం ఎత్తొచ్చా? అడిగితే ఆమె జవాబు చెప్పేస్తుందని భయం. ఆపరేషను చేయించుకుంటే నెల రోజులు చోటు ఉంచుతానని షాపాయన అన్నాడు. కన్నమైతే నెలలో తిరిగి రావచ్చని మెల్లయ్య తనకు తనే లెక్క వేసుకున్నాడు. ఇంక దాని మీద వేరే ఆలోచన రానివ్వలేదు.

ఎడమ పాదం మొద్దుబారి ఇవాళ్టికి నాలుగో రోజు. ఆ సంగతి భార్యకు కూడా చెప్పలేదు.

గుమ్మం దగ్గర బూట్ల వంక చూసి, చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. వంగి తాళ్ళు కట్టుకోవడం కుదరక నెలలైంది. ఆమె కడతానంటుంది. పెళ్ళాం చేత బూట్లు కట్టించుకునేంత గొప్పవాణ్ణి కానని కొట్టిపారేస్తాడు. ఎడమ చెప్పు వేలికి పట్టిందో లేదో కిందకి చూసి తెలుసుకుని, బయటికి నడిచాడు.

షాపు ముందు వ్యానుకి ఆనుకుని బావ నిలబడి ఉన్నాడు. చుట్టరికం ఏమీ లేదు. కలిసి మోయడం మొదలుపెట్టిన రోజు నుంచీ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటున్నారు. పొడుగు మనిషి, నోరు ఊరుకోదు.

"షికారుకొచ్చావా బావా, చెప్పులేసుకుని?"

"నీ మొహం చూడ్డానికి బూట్లెందుకు?"

బావ నవ్వాడు కానీ, అతని కళ్ళు మెల్లయ్య నడక మీదే ఉన్నాయి. ఎడమ కాలు నేలను గీరుకుంటూ వస్తోంది. "ఇవాళ కింది వైపు నేను పట్టుకుంటాను" అన్నాడు.

"పొడుగువాడు పైనుంచి లేపితేనే మలుపులో అద్దం తిరుగుతుంది. ఎప్పటిలాగే పట్టుకుందాం."

ఆ రోజు పని ఒక వ్యాయామశాలలో. రెండో అంతస్తు, గోడంత నిలువుటద్దం. లిఫ్టులో పట్టదు. మెట్ల మీద పెద్ద అద్దం మోసేటప్పుడు బరువంతా కిందివాడి మీదే పడుతుంది. అందుకే వాళ్ళిద్దరికీ ఒక పద్ధతి ఉంది. ఎత్తేముందు, మలుపు తిరిగేముందు, పైవాడు "ఉన్నావా?" అంటాడు. కిందివాడు తన పట్టూ, నిలకడా చూసుకుని "ఉన్నా" అనాలి. ఆ మాట వినపడందే పైవాడు అంగుళం కదలడు. అద్దం అడ్డుగా ఉంటే ఒకరి కాళ్ళు ఒకరికి కనిపించవు. ఉన్న నమ్మకమంతా ఆ ఒక్క మాటే.

"ఉన్నావా?"

"ఉన్నా."

ఎత్తారు. నడుము నుంచి మడమ దాకా నిప్పు పాకినట్టయింది. మెల్లయ్య పళ్ళు బిగించాడు. మొదటి మలుపు దగ్గర అద్దాన్ని మెత్త గుడ్డ మీద ఆనించి ఊపిరి తీసుకున్నారు.

"ఉన్నావా?"

ఎడమ కాలు ఎక్కడుందో మెల్లయ్యకు తెలియలేదు. మెట్టు మీద ఉందో, అంచున ఉందో. కుడి కాలికి మాత్రం అన్నీ తెలుస్తున్నాయి. ఒక్క క్షణం ఆగాడు.

"ఉన్నా" అన్నాడు.

పైకి చేర్చారు. పాత అద్దం పగలగొట్టి తీసిన చోట గచ్చు ఊడ్చారు గానీ, అక్కడక్కడా చిన్న చిన్న పెంకులు మిగిలే ఉన్నాయి. వాళ్ళు గది మధ్య నుంచి గోడ దాకా అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి, అద్దాన్ని బిగించి, పైన కప్పిన కాగితం లాగేశారు. గది రెండింతలైంది. వెనుక ఇనుప గుండ్లూ, కిటికీలూ, తామిద్దరూ. కండలు పెంచుకునే చోట తమ ఇద్దరి వాలకం చూసి బావ పకపకా నవ్వాడు. మధ్యలోనే ఆగిపోయాడు.

అద్దంలో నేల కనిపిస్తోంది. గది మధ్య నుంచి గోడ దాకా ఎర్రటి మరకలు వరసగా ఉన్నాయి.

మెల్లయ్య కంగారుపడ్డాడు. "బావా, నీకేదో గుచ్చుకుంది. కాలు చూసుకో."

బావ తన కాళ్ళ వంక చూసుకోలేదు. అతనికి బూట్లున్నాయి. అతను మెల్లయ్య కాళ్ళ వంక చూశాడు. కుడి కాలికి చెప్పుంది. ఎడమ కాలికి లేదు. అరికాలి అంచున దిగిన గాజు పెంకు మెరుస్తోంది.

"చెప్పేదీ?"

"ఏమో."

"ఏమో ఏంటి? కాల్లోంచి చెప్పు జారిపోతే తెలీదా? ఇంత గాజు దిగితే తెలీదా?"

 బావ వంగి పెంకు లాగి, తల గుడ్డ విప్పి పాదం చుట్టూ బిగించాడు. లాగినప్పుడు కూడా మెల్లయ్య మొహంలో ఏ మార్పూ లేదు. అది చూసి బావకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"మలుపులో ఉన్నావా అని అడిగానా? ఉన్నానన్నావా? లేవు కదా బావా. నువ్వక్కడ లేవు."

ఇన్నేళ్ళలో ఎన్నో తిట్లు తిట్టుకున్నారు. వాటిలో ఏదీ మెల్లయ్యకు ఇలా తగల్లేదు. చేతికి అందింది పట్టుకుని నిలబడదామని చూశాడు. అందింది అద్దమే. దాన్ని ముట్టుకోకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

కూర్చోలేడు కాబట్టి వ్యాను వెనకాల పడుకోబెట్టారు. అద్దాలకు ఆనించే పాత కంబళ్ళన్నీ బావ అతని చుట్టూ దూర్చాడు. గుంతలు వచ్చినప్పుడల్లా ముందు నుంచి "మెల్లగా, మెల్లగా" అని డ్రైవరుకి చెప్తున్నాడు. తన మాట వేరేవాళ్ళ నోట వినడం మెల్లయ్యకు అదే మొదటిసారి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పాదం పైకెత్తమంది. మెల్లయ్య ఎత్తాననే అనుకున్నాడు. అది కదల్లేదు. ఎన్ని రోజులైందని ఆమె అడిగితే నిజం చెప్పాడు. బావ పంపిన కబురు అంది భార్య అప్పుడే లోపలికి వచ్చింది. ఆ మాట విని గోడకి ఆనుకుని నిలబడిపోయింది. మళ్ళీ ఫిల్ము తీశారు. మెత్తలోంచి పెద్ద ముక్క విడిపోయి కిందకి జారి ఉంది.

"సన్నటి గొట్టంలోంచి దీన్ని పూర్తిగా తీయగలనన్న ధైర్యం నాకు లేదు. తెరిచి చూసుకుంటూ తీస్తాను. ఇవాళే" అంది డాక్టరమ్మ.

మెల్లయ్య తలూపాడు. అతను అడగని ప్రశ్న అతని కోసం బావ అడిగాడు. "మళ్ళీ అద్దాలు మోయొచ్చా అమ్మా?"

ఆమె మెల్లయ్య వైపు తిరిగి చెప్పింది. "నడుస్తారు. పాదంలో బలం ఎంతవరకు తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేను. అద్దాలు మాత్రం మోయకూడదు."

"కన్నమైతేనో?" అన్నాడు మెల్లయ్య.

"కన్నమైనా అంతే. నేను మొదటి రోజే చెప్పి ఉండాల్సింది. మీరు అడగలేదు."

రెండు వారాలు పగలూ రాత్రీ తూచుకున్న తూకం అక్కడితో అయిపోయింది. మెల్లయ్యకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. భార్య దగ్గరికి వచ్చి, అతని కుడి కాలికి మిగిలిన చెప్పు విప్పి, సంచిలో పెట్టుకుంది. ఈసారి అతను వద్దనలేదు.

స్ట్రెచరు మీదకి మార్చడానికి మనుషులు చాలకపోతే బావ తల వైపు దుప్పటి పట్టుకున్నాడు. అలవాటుగా నోటి నుంచి వచ్చేసింది.

"ఉన్నావా?"

మెల్లయ్య పైకప్పు వంక చూస్తూ తన ఒళ్ళంతా తడుముకున్నట్టు కాసేపు ఆగాడు.

"సగం ఉన్నా బావా. నువ్వే కాస్త చూసి ఎత్తు."

బావ చూసే ఎత్తాడు. తలుపులు మూసుకున్నాయి. ఆపరేషను బాగానే జరిగింది. నరం మీద బరువు దిగింది, నొప్పి పోయింది, కొన్నాళ్ళకు పాదం కొంచెం కొంచెంగా లేవసాగింది. మెల్లయ్య మళ్ళీ షాపుకి రాలేదు.

వ్యాయామశాల ఊడ్చే ఆమెకు మర్నాడు మెట్ల మలుపులో ఒక చెప్పు దొరికింది. దాని మనిషి వెతుక్కుంటూ వస్తాడనుకుని, అక్కడి కిటికీ గట్టు మీద పెట్టింది. ఎడమ కాలిది. కొస అంతా నేలకి గీరుకుని అరిగిపోయి, బొటనవేలి చోట లోతుగా ఒక గుంత పడి ఉంది.