కాళ్ళల్లో తీపు

శేషమ్మకి కేన్సర్ ఎముకల్లోకి పాకింది. ఇక ఆసుపత్రి చుట్టూ తిప్పొద్దు, బాధ తెలియకుండా ఇంట్లోనే చూసుకోండి అన్నారు డాక్టర్లు. అమెరికాలోని నోవైలో కూతురు రాగిణి ఇంట్లో, ఆమె మంచం పక్కన స్టాండుకి టాబ్లెట్ బిగించారు. రోజూ పొద్దున అందులో నర్సు క్యాథీ కనబడి, ఎలా ఉందని అడుగుతుంది.

మొదట్లో రాగిణి పక్కన కూర్చుని ఇంగ్లీషులో చెప్పేది. ఆమె సెలవులు అయిపోయాయి. ఇప్పుడు బడి లేని మనవరాలు నైనికకి ఆ పని అప్పగించారు.

"అమ్మమ్మా, ఎలా ఉంది అంటోంది."

"ఒకటే తీపులే తల్లీ. రాత్రంతా కన్ను మూతపడలేదు."

నైనిక ఏదో చెప్పింది. క్యాథీ ఏదో రాసుకుంది. సాయంత్రం రాగిణి కోటు మీది మంచు దులుపుకుంటూ, "అమ్మా, స్వీట్లు ఆపమంది నర్సు. షుగర్ టెస్ట్ చేయిస్తారట" అంది.  శేషమ్మ నోటికి కాస్త హితవుగా ఉన్నది రోజూ తినే సున్నుండ ఒక్కటే. అదీ పోయింది. కాళ్ళు మాత్రం అలాగే లాగేస్తున్నాయి. అలిసి వచ్చిన పిల్లని ఏం విసిగిస్తాంలే అని గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు క్యాథీ అడిగినదాన్ని నైనిక తెలుగులో చెప్పింది: "ఇంకా నోట్లో తీపుగా ఉందా?"

"నోట్లో ఏవిటే, నా మొహం! కాళ్ళల్లో."

"కాళ్ళు స్వీట్‌గా ఎలా ఉంటాయి అమ్మమ్మా?"

శేషమ్మకి నవ్వొచ్చింది. నవ్వితే నడుం కలుక్కుమంది. ఇక మాటలతో అయ్యే పని కాదనుకుంది. పైట చెంగు రెండు చేతులా పట్టుకుని, టాబ్లెట్ ముందుకి చాపి, తడిబట్ట పిండినట్టు మెలితిప్పింది.  ఆ తర్వాత కాళ్ళు చూపించింది.

క్యాథీ ముఖంలో నవ్వు ఆగిపోయింది.

"ఓ... పెయినా?" అంది నైనిక నెమ్మదిగా. "సారీ అమ్మమ్మా. నేను స్వీట్ అని చెప్పాను."

"నువ్వేం చేస్తావే బంగారం, మాట అలాంటిది."

క్యాథీ డాక్టరుతో మాట్లాడి వచ్చి మందు పెంచమంది. బేస్‌మెంట్‌లో ఆఫీసు పని చేసుకుంటున్న అల్లుడు పైకి వచ్చాడు. క్యాథీ చూస్తుండగా శేషమ్మ నాలుక కింద మందు చుక్కలు వేసి, చెవిలో మోగుతున్న కాల్‌కి జవాబు చెబుతూ దిగిపోయాడు. తెర ఆరిపోయింది. నైనిక తన గదికి వెళ్ళిపోయింది.

కాసేపటికి ఎవరో ముడి విప్పుతున్నట్టు పిక్కలు వదులయ్యాయి. ఆ సంగతి ఎవరికైనా చెప్పాలనిపించింది శేషమ్మకి.

"నైనీ" అని పిలిచింది. పలకలేదు. చెవుల్లో పాటలు పెట్టుకుందేమో. రాగిణికి ఫోన్ చేద్దామనుకుంది గానీ, మీటింగులో ఉంటుంది, అమ్మ నంబరు చూస్తే గుండె ఆగినంత పనవుతుంది పిల్లకి.

శేషమ్మ ఎన్నాళ్ళకో కాళ్ళు బారజాపుకుంది. "తగ్గింది" అంది, గదిలో ఎవరూ లేకపోయినా.