టన్నుకి యాభై కేజీల తరుగు

మా నాన్న నిత్యానందం చేపల చెరువు చేసి నష్టపోయారు. మేత బాకీ మూడు లక్షలకి ఏలూరు కోర్టులో డిక్రీ అయింది. ఆ తర్వాత రెండేళ్లకి ఆయన పోయారు. డిక్రీ అయిన ఈ పదకొండేళ్లలో ఆ బాకీ వడ్డీతో ఆరు లక్షలు దాటింది. పోయిన నెల, వట్లూరులో ఆయన నాకు మిగిల్చిన రెండు గదుల ఇంటి తలుపుకి వేలం నోటీసు అంటించి వెళ్లారు.

"వెళ్లి రాజీ అడగండి. రెండు లక్షల దగ్గర మొదలెట్టండి, మూడు దాటకండి. ముఖ్యంగా ఆ నోరు కాస్త అదుపులో పెట్టుకోండి పెర్సిస్ గారూ," అన్నారు మా వకీలు శేషగిరిరావు గారు. నా నోటి సంగతి ఊరంతటికీ తెలుసు. బడిలో పిల్లల్ని అదిలించీ అదిలించీ అలా తయారైంది.

ఆకివీడు వెళ్లాను. మేత కొట్టు షావుకారు నిరుడే పోయారు. డిక్రీ ఇప్పుడు ఆయన భార్య వీరరాఘవమ్మగారిది. డెబ్బై దాటిన మనిషి, మంచినీళ్లిచ్చి, "ఎంత తెచ్చావమ్మా?" అని అడిగారు.

రెండు అనాలి. ఆ అబద్ధం నాలిక దాటలేదు. "మూడు లక్షలండి. చీటీ పాడి తెచ్చాను. ఇంతకు మించి పైసా లేదు. ఉన్న గూడు కూడా లాగేసుకుంటే మీకేం కలిసొస్తుందండీ?" అనేశాను. ఇంకేముంది, ఇల్లు పోయినట్టే అనుకున్నాను.

ఆవిడ కోప్పడలేదు. లోపలికి వెళ్లి పాత కాటా పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు.

"మీ నాన్నగారు మేత మా దగ్గర తీసుకుని, చేప మాకే అమ్మేవారు. తడి చేప కదా, నీళ్ల కింద టన్నుకి ఇరవై కేజీలు తరుగు తీయడం అందరికీ వాడుకే. అప్పున్న మనిషి నోరెత్తడని మావారు యాభై తీసేవారు. రాసిన చెయ్యి నాదేనమ్మా."

చెరువు పట్టింది ఆరుసార్లు, మొత్తం యాభై టన్నుల చేప. ఎక్కువ తీసింది పదిహేను వందల కేజీలు. కేజీ ఎనభై చొప్పున లక్షా ఇరవై వేలు. అన్నీ ముందే లెక్కకట్టి ఉన్నాయి.

"అసలు మూడు లక్షల్లో అది పోను లక్షా ఎనభై ఇవ్వు, చాలు."

"మరి వడ్డీ అండీ?"

"మీ సొమ్ము మా దగ్గర అన్నాళ్లుంది. దానికి మేం వడ్డీ ఇచ్చామా? ఆయనుండగా చెప్పే ధైర్యం లేకపోయింది. పోయాక వకీలు చూపించిన చోటల్లా సంతకం పెట్టాను."

"ఈ సంగతి ఎవరికీ తెలీదు కదండీ," అన్నాను, నా కేసు నేనే పాడుచేసుకుంటూ.

"నాకు తెలుసుగా."

తప్పు ఒప్పుకోవడం గురించి పుట్టిన దగ్గర్నుంచి ప్రతి ఆదివారం చర్చిలో వింటూనే ఉన్నాను. కళ్లారా చూడటం మాత్రం అదే మొదలు. అదీ, నన్ను రోడ్డున పడేయగల మనిషిలో. ఆవిడ ముందు కుర్చీలో కూర్చోలేక లేచి నిలబడ్డాను.

వారం తర్వాత ఏలూరు కోర్టులో ఇద్దరం పక్కపక్కన నిలుచున్నాం.

"బాకీ పూర్తిగా ముట్టిందా అమ్మా?" అని అడిగారు జడ్జిగారు.

"ముట్టిందండి," అన్నారు వీరరాఘవమ్మగారు. ఆయన సంతకం పెట్టబోతుంటే మళ్లీ గొంతు సవరించుకున్నారు.

"కొంత ముందే ముట్టిందండి. నేనే చెప్పలేదు."