మా ఇంటి కామెర్లు

మా తోడికోడలు సింధూజకు ఐదో నెలలో కడుపు పోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేలోపే మా అత్తగారు భాగ్యలక్ష్మి దాన్ని కామెర్లుగా మార్చేశారు. కడుపుతో ఉన్న సంగతే దిష్టి భయంతో సింధూజకు చున్నీ కప్పి దాచిన మనిషి, పోయిన సంగతి చెబుతారా?

గుజరాతీల మధ్య, అడాజన్‌లో ఉన్న మా అపార్ట్‌మెంట్ సొసైటీ మంచిది, ఏది చెప్పినా నమ్ముతుంది. కామెర్లకు మంచిదని ఒక్కో ఫ్లాటు నుంచి గ్లాసు చెరకురసం, గుప్పెడు వేయించిన శనగలు వచ్చాయి. ఎదురింటి హంసాబెన్ అయితే సింధూజ కనురెప్ప లాగి చూసి, పసుపు తగ్గిందని సర్టిఫికెట్ కూడా ఇచ్చింది.

ఇంతలో సింధూజకు పాలు వచ్చాయి. బిడ్డ లేదన్న మాట ఒంటికి ఎవరూ చెప్పినట్టు లేదు. ఇలా రావచ్చని సింధూజకూ ఎవరూ చెప్పలేదు. తడిసిన జాకెట్‌తో నా గదిలోకి వచ్చి, తలుపేసుకుంది.

"గిదేందక్కా? ఎవరి కోసం వస్తున్నయ్ ఇవి?"

నేను తువ్వాలు అందించి, అత్తగారిని పిలిచాను.

అత్తగారు పాత చీర చింపి, రొమ్ములు బిగించి కట్టారు. "జర ఓర్చుకో బిడ్డా, ఎండిపోతయ్."

ఎండలేదు. ఎడమ రొమ్ము గట్టిపడి, ఎర్రగా కంది, ముట్టుకుంటే కాలింది. వణుకుతో జ్వరం వచ్చింది.

"డాక్టర్ దగ్గరికి పోదాం అత్తమ్మా," అన్నాను.

"కామెర్లల్ల జ్వరం రాదా ఏంది?"

అబద్ధం అంత చక్కగా కుదిరింది. చెప్పినావిడ కూడా నమ్మేశారు.

నేను ఆటో పిలిచాను. కాపలాకి ఆవిడా ఎక్కారు. ఆస్పత్రి కౌంటర్‌లో అమ్మాయి ఏం బాధ అని అడగ్గానే అత్తగారు హిందీలో "పీలియా" అనేశారు, అదే మన కామెర్లు. అమ్మాయి మమ్మల్ని లివర్ డాక్టర్ వరసలోకి పొమ్మంది.

నేను నోరు తెరిచేలోపు సింధూజ కౌంటర్ పట్టుకుని నిలబడింది. "పీలియా కాదు. నా బిడ్డ పోయింది. పాలొస్తున్నాయి, జ్వరం వచ్చింది," అని హిందీలో హాలంతా వినబడేట్టు చెప్పింది. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు, మాట తనే అన్నట్టు.

లేడీ డాక్టర్ కట్టు విప్పి, ఎవరు కట్టారని అడిగింది. అత్తగారు సీలింగ్ ఫ్యాన్ కేసి చూశారు.

"పాలు రావడం మామూలే. చల్లటి గుడ్డ వేసుకుంటూ, బిగించకుండా, పిండకుండా ఉంటే మెల్లగా తగ్గిపోతాయి. ఇలా ఎర్రబడి జ్వరమొస్తే మాత్రం ఆ రోజే రావాలి. ఆలస్యమైతే చీము పడుతుంది. రొమ్ములో గడ్డ కరగకపోయినా, చనుమొన నుంచి రక్తం కారినా ఆగొద్దు," అని చెప్పి మందులు రాసింది.

మందులు పడ్డాక జ్వరం దిగింది. జ్వరం దిగిన పొద్దున్నే హంసాబెన్ చెరకురసంతో వచ్చి, పీలియా ఎలా ఉందని అడిగింది.

అత్తగారు సింధూజ వైపు చూశారు. "పీలియా లేదు బెన్. బిడ్డ పోయింది," అన్నారు.

హంసాబెన్ ఈసారి కనురెప్ప జోలికి పోలేదు. సింధూజ చెయ్యి పట్టుకుని కూర్చుంది. రసం గ్లాసు మాత్రం ఎవరిదో తేలక బల్ల మీద ఉండిపోయింది. చివరికి అత్తగారే తీసుకుని గటగటా తాగేశారు. ఇన్నాళ్లూ కామెర్లు మోసింది ఆవిడే కదా.