మస్కట్‌కి వినిపించిన మ్యాచ్

మైకు చేతికిస్తే మీరా హుస్సేన్‌కి ఒళ్లు తెలియదు. పోలియో చుక్కల దగ్గర్నుంచి తప్పిపోయిన గేదె దాకా ఊళ్లో ఏ కబురైనా ఆయన గొంతులోంచి రావలసిందే. ఆయన చెబితే గేదె తప్పిపోవడం కూడా పండగలా ఉంటుందని ఆడవాళ్లు నవ్వుకునేవారు. ఆ శుక్రవారం పొద్దున ఆ గొంతే ఊరిని ఆదుకుంది. సాయంత్రమయ్యేసరికి ఆయన పీకల మీదికి తెచ్చింది.

రాత్రి వాన పడింది. మార్చి నెలలో వానేమిటని తిట్టుకోవడానికి కూడా వ్యవధి లేదు. కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయ తడిసింది, కళ్లాలు రొచ్చయ్యాయి. ఆ పూట ఎండ తగలకపోతే కాయ రంగు పోయి తాలు కింద జమ. ఊరు మొత్తమ్మీద పొడిగా ఉన్న నేల ఒక్కటే, హైస్కూలు పక్కన కొత్తగా పోసిన వాలీబాల్ కోర్టు. నున్నటి సిమెంటు, చుక్క నీరు నిలవదు. మీరా హుస్సేన్ ఎవరినీ అడగలేదు. ఆటోకి మైకు కట్టుకుని, "తడిసిన కాయ ఉన్నోళ్లంతా కోర్టుకి తోలుకోండి" అని ఊరంతా తిరిగాడు. పొద్దెక్కేసరికి నెట్టుకి ఇటూ అటూ నేలన్నది కనబడితే ఒట్టు.

ఆ కోర్టు పోయించింది మస్కట్‌లో పనిచేసే ఈ ఊరివాళ్లే. తాపీమేస్త్రీలు, డ్రైవర్లు, వంటవాళ్లు కలిసి అక్కడ ఒక సంఘం పెట్టుకున్నారు. పరాయి దేశంలో ఉన్నవాళ్లు సొంతూరికి ఏదైనా కట్టుకుంటే ఖర్చులో సగం భరించే ట్రస్టు ఒకటుందని సంఘం పెద్ద యలమంద కనిపెట్టాడు. ఆడపిల్లల కోసం కోర్టు అని రాసి పంపితే నేలకి డబ్బు వచ్చింది. ఇక మిగిలింది చుట్టూ గోడ. కోర్టు వాడుకలో ఉందని తేలితేనే గోడకి ఇస్తామన్నారు.

గోడ లేకపోతే ఏం కొంప మునిగిందని మగవాళ్లు అడుగుతారు, వాళ్లకేం. కోర్టు పక్కనే బస్సు రోడ్డు. దారిన పోయే ప్రతివాడూ సైకిలు ఆపి నోరు తెరుచుకుని చూస్తుంటే మా పిల్లల్ని ఆడనివ్వం అని తల్లులు తెగేసి చెప్పారు. మీరా హుస్సేన్ కూతురు మెహర్ పదో తరగతి. ఆ పిల్ల సర్వీసు కొడితే అవతలివాళ్లు ముందు తల కాపాడుకునేవాళ్లు. అలాంటి కూతుర్ని, నలుగురూ నాలుగు మాటలంటున్నారని, "గోడ రానీ తల్లీ, అప్పుడాడుదువు" అని ఆయనే ఇంటికి తీసుకొచ్చాడు. మెహర్ మళ్లీ ఆ మాటెత్తలేదు. బంతికి మాత్రం ఎప్పుడూ గాలి కొట్టి ఉంచేది. గూట్లో ఆ బంతి కనబడినప్పుడల్లా ఆయనకి తన మీద తనకే చిరాకేసేది.

వచ్చే శుక్రవారం ఆడపిల్లల మ్యాచ్ పెట్టి, ఊళ్లో వీడియోకి సిగ్నలు అందదు గనక, ట్రస్టు వాళ్లకి ఫోన్లో వినిపించాలని ఏర్పాటు. ఆ ఒక్కరోజుకీ గోడకి బదులు తల్లులే కోర్టు చుట్టూ నిలబడతామని ఒప్పుకున్నారు. అంతా బాగానే ఉందనుకుంటుండగా, సాయంత్రం నాలుగింటికి యలమంద ఫోన్ చేశాడు.

"మామా, మ్యాచ్ ఇయ్యాళే పెట్టాల. ట్రస్టు మేడం శ్రీరమ్యగారు ఇక్కడ మా గదిలోనే ఉన్నారు. రాత్రికి ఇమానం ఎక్కేస్తారంట. మళ్లీ ఎప్పుడొస్తారో తెలవదు. గంటలో చేస్తా, నువ్వు మైకులో చెప్పు, మేమంతా ఇంటాం."

ఫోన్ పెట్టేసి మీరా హుస్సేన్ కోర్టు వైపు చూశాడు. కోర్టు ఎర్రగా ఆయన వైపు చూసింది.

కాయలో ఎక్కువ భాగం చెంచయ్యది. సంగతి విన్న ఆ ముసలాయన మొహం పాలిపోయింది. "ఎత్తేద్దామా హుస్సేనూ? లోపలింకా తడారలేదు. సంచుల్లోకెత్తితే తెల్లారేసరికి మగ్గిపోద్ది. అయినా పిల్లల గోడ గదా."

ఆ చివరి మాటకే మీరా హుస్సేన్ తెగించాడు. "కాయ జోలికి పోబాకు బాబాయ్," అన్నాడు. "మ్యాచ్ నేనాడిస్తా."

"ఎక్కడ?"

"నోట్లో."

గంటలో మైకు అమరింది. సెల్‌ఫోను స్పీకర్లో పెట్టి మైకు పక్కన నిలబెట్టారు. మెహర్ స్కూలు గోడకేసి బంతి బాదాలి, అది ఆట చప్పుడు. చెంచయ్య ఈల వెయ్యాలి. మూతులకి చున్నీలు కట్టుకుని కాయ తిరగేస్తున్న ఆడపిల్లలు, వాళ్ల తల్లులు అరవాలి. ఫోను మోగింది.

"మస్కట్‌లో ఉన్న అన్నదమ్ములకీ, మేడంగారికీ నమస్కారం," అని అందుకున్నాడు మీరా హుస్సేన్. "జనం కిటకిటలాడుతున్నారు. కుడివైపు ఎర్ర జట్టు, ఎడంవైపు," అని అటు చూస్తే అక్కడా ఎరుపే, "ఎడంవైపు ముదురెరుపు జట్టు."

బంతి గోడకి తగిలింది. ఈల మోగింది. జనం అరిచారు. మస్కట్ గదిలోంచి కూడా అరుపులొచ్చాయి. దాంతో మీరా హుస్సేన్‌కి పూనకమొచ్చింది. పాయింట్ల మీద పాయింట్లు పోయించాడు. ఎర్ర జట్టుకి ఇరవై రెండున్నాయని చెప్పి కాసేపటికి పదిహేడన్నాడు. అంపైరు కోసేశాడని సర్దుకున్నాడు. "మెహర్ ఎగిరింది. ఇంకా ఎగిరింది. నెట్టు పైకి వచ్చింది. బంతి కోసం చూస్తోంది."

"హుస్సేనూ," అని చెవిలో గొణిగాడు చెంచయ్య, "ముందు పిల్లని కిందికి దించు."

స్కూలు గోడ దగ్గర మెహర్ నవ్వాపుకోలేక నేల మీద కూలబడింది. బంతి చప్పుడు ఆగింది. తల్లులు గిన్నెలు తెచ్చి వాయించారు. ఎన్నాళ్లకో కూతురు అలా నవ్వడం చూసి మీరా హుస్సేన్ ఇంకా రెచ్చిపోయాడు. స్కోరు ఇరవై నాలుగు, ఇరవై మూడుకి తెచ్చాడు.

సరిగ్గా అప్పుడే పడమటి గాలి లేచింది. ఎండకి కాకెక్కిన కాయ ఘాటు ఒక్కసారిగా మొహాల మీదికొచ్చింది. ముందు ఒక తల్లి తుమ్మింది. తర్వాత ఆ వరసంతా తుమ్మింది. చెంచయ్య ఈల నోట్లో ఉండగానే తుమ్మాడు, అది పెద్దగా కూసింది. "ప్రేక్షకులు ఉత్సాహంగా..." అనబోయి మీరా హుస్సేన్ మైకులోకి తుమ్మాడు. ఆ తుమ్ముకి స్కూలు చూరు మీద పావురాలు లేచిపోయాయి.

మిరపకాయ తుమ్మంటే ఏమిటో అవతల గదిలోవాళ్లకి తెలుసు. యలమంద గొంతు ఫోన్లోంచి మైకులోకీ, మైకులోంచి ఊరి మీదికీ వచ్చింది. "మామా, కాయ ఎక్కడారబోశారు?"

మీరా హుస్సేన్ కాయ వైపు చూశాడు. గోడ పోయింది. కూతురి ఆట పోయింది. మెహర్ నవ్వు మానేసి తననే చూస్తోంది. ఇంక దాచి ఏం లాభమనుకున్నాడు.

"కోర్టులో, యలమందా. రాత్రి వానకి కళ్లాలు పనికిరాకుండా పోయినయ్. నేనే పిలిచా అందర్నీ. మేడంగారూ, తప్పు నాదండి. పిల్లలది కాదు."

అవతల గోల మొదలైంది. పోట్లాటేమో అనుకున్నాడు. కాదు.

"మాయి కూడా తడిసినయ్యా మామా?" అన్నారెవరో. "మా నాయన కాయ తెచ్చుకోగలిగాడా?" అన్నాడింకొకడు. డ్రైవరు ఏసోబు గొంతు అందరి మీదుగా వినిపించింది. "మావి ఏడబోశారు?"

మెహర్ పరిగెత్తుకొచ్చి తండ్రి చేతిలో మైకు లాక్కుంది. "ఏసోబు మావయ్యా, మీవి నెట్టు కింద. బాగా ఆరుతున్నయ్. చెంచయ్య తాతవి సర్వీసు గీత దగ్గర." అలా ఒక్కొక్కరి కాయా ఎక్కడుందో చెప్పుకుంటూ పోయింది. చెప్పినప్పుడల్లా మస్కట్‌లో ఒకడు హమ్మయ్య అన్నాడు.

అన్నీ అయ్యాక ఒక ఆడగొంతు వినిపించింది. "హుస్సేన్ గారూ, నేను శ్రీరమ్యనండి. మాదీ మీ వైపే, చీరాల దగ్గర మిరప పండే ఊరు. మొదటి తుమ్ముకే తెలిసింది నాకు. కట్టించింది వాడుకుంటున్నారో, తాళం వేసి ఉంచుతున్నారో చూడటమే నా పని. చాలా ఊళ్లలో తాళాలే చూశాను. గోడకి రాసేస్తున్నాను. గేటు మాత్రం ట్రాక్టరు పట్టేంత పెట్టించండి. కాయ ఎత్తిన మర్నాటి నుంచి కోర్టు పిల్లలది. సరేనా?"

"సరేనండి," అన్నాడు మీరా హుస్సేన్. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఘాటు మీదికి నెట్టేయడానికి వీలుగానే ఉంది గనక తుడుచుకోలేదు.

"మళ్లీసారి మాత్రం ఆ అమ్మాయిని కాస్త త్వరగా దించండి," అందావిడ.

మస్కట్ గది గొల్లుమంది. ఆ నవ్వుల్లోంచి యలమంద అరిచాడు. "మామా, ఇరవై నాలుగు, ఇరవై మూడు కాడ ఆపేశావు. ఎవరు గెలిచారు?"

మీరా హుస్సేన్ మైకు తీసుకుని కూతురి వంక చూశాడు. మెహర్ బంతి పట్టుకుని కాయ అంచున నిలబడింది. రోడ్డు మీద ఒకడు సైకిలు ఆపాడు. ఈసారి మీరా హుస్సేన్ వాడి వంక చూడలేదు. కొట్టమని తల ఊపాడు.

మెహర్ బంతి పైకి విసిరి బలంకొద్దీ కొట్టింది. అది ఎర్రటి కోర్టు మీదుగా, ఏసోబు కాయ మీదుగా నెట్టు దాటి, చెంచయ్య కుప్పలో దభీమని పడింది. కాయలు గాల్లోకి లేచాయి. ఊరంతా మళ్లీ తుమ్మింది.

"సర్వీసు లోపలే పడింది," అన్నాడు మీరా హుస్సేన్ మైకులో. "మా మెహర్ గెలిచింది."

ఆ సాయంత్రమంతట్లో ఆయన కళ్లారా చూసి చెప్పిన పాయింటు అదొక్కటే.