తొమ్మిదో ఫారం లేని నవల

నేను ఒక జానపద నవలను. పేరు 'కోట కాలిన మర్నాడు'. మా జాతి పుస్తకాల్లో యుద్ధం చివర్లో వస్తుంది. రాకుమారుడు గెలిచి పెళ్ళి చేసుకుంటాడు, కథ అయిపోతుంది. నన్ను రాసినాయన మొండిమనిషి. యుద్ధం అయిపోయాక మొదలుపెట్టాడు. నా మొదటి పేజీకే మాంత్రికుడు చచ్చి పడుంటాడు, గుర్రానికి ఒక రెక్క కాలిపోయి ఉంటుంది, రాజుగారు బూడిదలో తన చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. ప్రచురణకర్త అది చదివి తల పట్టుకున్నాడట. అయినా వేశాడు. ఎక్కడున్నా ఆయన చల్లగా ఉండాలి.

చచ్చేముందు మాంత్రికుడు ఒక శాపం పెట్టిపోతాడు. ఆ నగరంలో ఇళ్ళ తలుపులన్నీ బిగుసుకుపోతాయి. బయట నిలబడ్డవాడు నిజం చెబితే తప్ప ఏ తలుపూ తెరుచుకోదు. ఈ శాపం మనవాళ్ళకు తగిలి ఉంటే ఎంతమంది గృహస్థులు అరుగుల మీద కాపురం పెట్టాల్సివచ్చేదో నేను చెప్పను, నన్ను చదివినవాళ్ళలో చాలామంది వాళ్ళే. సరే, మేఘవర్మ అనే సైనికుడు యుద్ధంలో పోయిన తన స్నేహితుడి ఇల్లు వెతుక్కుంటూ వస్తాడు. ఆ తల్లి తలుపు ముందు నిలబడి, నూట ఇరవై ఎనిమిదో పేజీ చివర నోరు తెరుస్తాడు.

అక్కడే నా లోటు ఉంది. అచ్చయిన కాగితాలను పదహారేసి పేజీల ఫారాలుగా మడిచి, వరసగా కుప్పలు పెడతారు. బైండరు ఒక్కో కుప్పలోంచి ఒక్కో ఫారం ఎత్తుకుంటూ నడిచి, కట్టగా చేసి కుడతాడు. బెజవాడలో నన్ను కుట్టిన దుర్గయ్య ముప్ఫై ఏళ్ళ పనివాడు. కళ్ళు మూసుకుని ఎత్తగలడు. కానీ అది పంతొమ్మిది వందల డెబ్బై ఒకటి డిసెంబరు. ఎనిమిదో ఫారం ఎత్తిన క్షణాన యుద్ధం అయిపోయిందని రేడియోలో చెప్పారు. దుర్గయ్య ఆగి, కళ్ళు తుడుచుకుని, ఆ సంతోషంలో తొమ్మిదో ఫారానికి బదులు ఏడోది మళ్ళీ ఎత్తాడు. అందువల్ల నాలో మేఘవర్మ నోరు తెరవగానే గుర్రం రెండోసారి స్నానం చేస్తుంది. ఏడో ఫారం అంతా గుర్రం స్నానమే. ఆ తర్వాత నూట నలభై ఐదో పేజీలో మేఘవర్మ ఆ ఇంట్లో పీట మీద కూచుని బీరకాయ కూర తింటుంటాడు. తలుపు తెరుచుకుందన్నమాట. ఏం చెబితే తెరుచుకుందో ఆ పదహారు పేజీలకే తెలియాలి. దుర్గయ్య మీద నాకు కోపం లేదు. అంత మంచి కారణంతో ఎంతమంది పొరపాటు చేస్తారు?

తాడేపల్లిగూడెంలో మాణిక్యాంబగారి అద్దె పుస్తకాల కొట్టుకు చేరాను. ఆవిడ నాకు దళసరి అట్ట వేసి, దారంతో మళ్ళీ కుట్టించింది. పాఠకులు ఊరుకుంటారా? నూట ఇరవై ఎనిమిదో పేజీ అంచుల్లో పెన్సిలుతో ఎవరికి తోచింది వాళ్ళు రాశారు. 'తల్లీ, నీ పుత్రుడు వీరస్వర్గమును అలంకరించెను' అని ఒక మేష్టారు. 'నేనే నీ కొడుకుననుకో' అని ఎవరో సినిమాలు ఎక్కువ చూసినాయన. 'గుర్రం ఇంకెన్నిసార్లు స్నానం చేస్తుంది?' అని ఒక పిల్ల. వాళ్ళందరికీ నేను రుణపడి ఉన్నాను. లోటు లేని పుస్తకాలను మనుషులు చదివి వదిలేస్తారు, నాతో మాట్లాడారు.

డెబ్బై మూడు వేసవిలో గంగాచలం వచ్చాడు. పట్టాళంలో పనిచేసేవాడు, సెలవు మీద ఊరొచ్చాడు. ఒక్కరోజులో చదివి ఇచ్చేసే లావున్న నన్ను నాలుగు రోజులు ఉంచుకున్నాడు. నూట ఇరవై ఎనిమిది దాకా రావడం, అంచుల్లో రాతలన్నీ చదవడం, మూసేయడం. అయిదో రోజు పొద్దున్నే కొట్టు తెరవకముందే వచ్చి నిలబడ్డాడు.

"ఇందులో పోయిన కాయితాలు ఎక్కడన్నా దొరుకుతాయాండి?"

"అచ్చేసినోళ్ళకి రెండు ఉత్తరాలు రాశాను బాబూ, జవాబు లేదు. ఏం, అంత అవసరం పడిందా?"

అతను నా అట్ట గోటితో గీకుతూ చెప్పాడు.

"మావోడొకడు యుద్ధంలో పోయాడండి. ఏసుపాదమని. ఆళ్ళమ్మది ఇక్కడికి నాలుగు మైళ్ళే. రెండు సెలవులొచ్చాను, ఎళ్ళలేదు. ఎల్లుండి మళ్ళీ బండెక్కాలి. ఎళ్ళి ఏం చెప్పాలో తెలవట్లేదండి."

మాణిక్యాంబగారు కొట్టు తాళం తీసింది.

"నాకూ తెలీదు బాబూ. ఆ తలుపు తెరుచుకుందంటే మాత్రం మేఘవర్మ నిజమే చెప్పుంటాడు."

గంగాచలం నన్ను సంచిలో వేసుకుని సైకిలెక్కాడు. ఎందుకు తీసుకెళ్ళాడో ఈనాటికీ తెలియదు. బహుశా ఒంటరిగా వెళ్ళలేక.

ఏసుపాదం తల్లి సువార్తమ్మ ఇంటికి తలుపే లేదు. పాత చీర ఒకటి అడ్డంగా వేలాడుతోంది. అవతల ఆమె చాటలో బియ్యం ఏరుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. మా మాంత్రికుడు చూస్తే సిగ్గుపడేవాడు, ఏ శాపమూ లేకపోయినా ఆ చీరను దాటడం గంగాచలం వల్ల కాలేదు. బయటే నిలబడి మాట్లాడాడు.

"అమ్మా, నేను మీ ఏసుపాదంతో పనిచేసినోణ్ణండి. ఆ రోజు నీళ్ళ డబ్బాలు తేవాల్సింది నేనండి. వంతు నాది. నాకు జొరంగా ఉంటే, నువ్వు పడుకోరా అని తను ఎళ్ళాడు. దారిలో గుండు పడింది. మీకొచ్చిన కాయితంలో ఆ సంగతి రాసుండరు. నేను పడుకుని ఉన్నానండి అప్పుడు."

చాటలో చప్పుడు ఆగిపోయింది. నేను భయపడ్డాను. తిట్టినా శపించినా ఆమెకు హక్కుంది. అన్నీ పడటానికి సిద్ధపడే అతను వచ్చాడు.

చీర పక్కకు జరిగింది. సన్నటి మనిషి, కళ్ళ నిండా నీళ్ళు. అతని మొహంలోకి చూసి అడిగింది.

"నీకా జొరం తగ్గిందా బాబూ?"

గంగాచలం అక్కడే నేలమీద కూలబడి ఏడ్చాడు. ఆమె కూడా అతని పక్కన కూచుంది. ఇద్దరూ ఏడ్చి ఏడ్చి అలసిపోయాక, ఆమె లేచి అదే బియ్యం పొయ్యి మీద పెట్టింది.

నేను ఆ ఇంట్లోనే ఉండిపోయాను. మాణిక్యాంబగారు నన్ను తిరిగి అడగలేదు, ఆవిడ మేలు మరచిపోలేను. గంగాచలం సెలవు దొరికినప్పుడల్లా వచ్చి సువార్తమ్మకు నన్ను చదివి వినిపించేవాడు. గుర్రం స్నానం రెండుసార్లూ చదవాల్సిందేనని ఆమె పట్టుబట్టేది. పట్టాళం నుంచి దిగిపోయాక అతను ఆ వీధిలోనే ఇల్లు కట్టుకున్నాడు.

నేనిప్పుడు గంగాచలం ఇంటి గూట్లో ఉన్నాను. కుట్టు వదులైంది, అంచులు రాలిపోతున్నాయి. నా తృప్తికి మాత్రం లోటు లేదు. సువార్తమ్మ నిండుగా ఎనభై ఆరేళ్ళు బతికింది. ఆమెను మట్టి చేసిన రోజున పాస్టరుగారు ముందు ఇంటివాళ్ళు మన్ను వెయ్యాలన్నారట. చుట్టాలందరూ పక్కకు జరిగి, గంగాచలానికి దారి ఇచ్చారట.